అమెరికా ఆవిడ నుదుటి బొట్టు

మొన్న పేపర్లో లోపలి పేజీలో, వంటనూనె ప్రకటన కింద, ఆవిడ పోయిందని వేశారు. అమెరికాలో టీవీల్లోనూ సినిమాల్లోనూ నటించిన పెద్దావిడ. వార్త నాలుగు ముక్కలే, అందులోనూ తప్పులు. సినిమాల్లో వేషాలు తగ్గి టీవీకి వెళ్ళిందని రాశారు. కాదు, టీవీలోంచే సినిమాకి వచ్చింది. ఒకప్పుడు ఆవిడ బతుకంతా నాకు నోటికొచ్చు. ఎలా వచ్చో చెప్పమని మా తమ్ముడి కూతురు పట్టుబట్టింది. కొత్తగా ఉద్యోగంలో చేరింది, పాత ఆఫీసుల సంగతులంటే దానికి సరదా. నాకు ఓపిక తక్కువ. అయినా చెబుతాను, మధ్యలో అడ్డు రాకండి.

డెబ్భైల్లో నేను బెజవాడ గాంధీనగర్లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో టైపిస్టుని. టైపిస్టు అని పేరే గానీ ఉత్తరాలు, కరపత్రాలు, ఫోన్లు, ప్రింటు డబ్బాలు రైలెక్కాయో లేదో కనుక్కోవడం, అన్నీ నా నెత్తినే. ఆఫీసు మొత్తానికి ఆడదాన్ని నేనొక్కదాన్నే. పెళ్ళయిన కొద్దికాలానికే మా ఆయన జ్వరం వచ్చి పోయారు. మా నాన్న రిటైరైన బడిపంతులు. "ఇంట్లో కూచుని ఏడ్చే బదులు టైపు కొట్టుకుంటే చేతులకన్నా పని ఉంటుంది" అని తనే తీసుకొచ్చి చేర్పించారు. అప్పటి మా ఇళ్ళలో మొగుడు పోయినదానికి బొట్టు లేదు, పూలు లేవు. బోసి నుదురుతో సిటీ బస్సెక్కేదాన్ని. కొత్త సినిమా విడుదల రోజున మా ప్రొప్రయిటరు గారు వచ్చే వేళకి నన్ను ముందు గదిలో ఉండనిచ్చేవారు కాదు. ఎదురొస్తే శకునం బాగుండదని. ఆ మాట మాత్రం అనేవారు కాదు, "కాసేపు వెనక గదిలో ఆ ఫైళ్ళు చూడమ్మా" అనేవారు. ఏ ఫైళ్ళో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మనిషి చెడ్డవాడు కాదు. మంచి జీతమే ఇచ్చాడు. కానీ ఆ వెనక గదికి నడిచేటప్పుడు ఎవరి మొహమూ చూసేదాన్ని కాదు.

ఆ వెనక గదిని ఆనుకుని రేకుల షెడ్డు. అందులో బ్యానర్లు రాసే మేస్త్రీ గారు ఉండేవారు. సొంతూరు కొండపల్లి. వాళ్ళ నాన్న, తాత అంతా బొమ్మలకి రంగులేసినవాళ్ళు. ఈయన ఏడంగుళాల బొమ్మ వదిలేసి ఇంటంత బొమ్మకి వచ్చారు. పెద్ద మొహం ఒకే గుడ్డ మీద రాసేవారు కాదు. చెక్క ఫ్రేములకి గుడ్డ బిగించి, గడ్డం ఒక ఫ్రేము మీద, ముక్కూ కళ్ళూ ఒకదాని మీద, నుదురూ జుట్టూ ఇంకోదాని మీద రాసి, హాలు ముందు వెదుళ్ళ మీద పేర్చి కట్టేవారు. కట్టేదాకా మొహం పూర్తిగా ఎవరికీ కనపడదు. కళ్ళు మాత్రం అన్నిటికన్నా చివర. బొమ్మలవాళ్ళ పద్ధతి అది. కళ్ళు పెట్టబోయే ముందు ఆయన నన్ను పిలిచేవారు.

"అమ్మాయిగారూ, ఈవిడ కష్టమేంటో కాస్త చెప్పండి."

కథ తెలిస్తే గానీ ఆయనకి కళ్ళు కుదరవు. నేను షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కథ చెప్పేదాన్ని. అన్నీ విని, "సరే, మీరెళ్ళండి" అనేవారు. కళ్ళు పెట్టేటప్పుడు ఎవరూ ఉండకూడదు.

అప్పటికే ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఒక సినిమాకి విలను మొహం హీరో మొహం కన్నా పెద్దదైపోయింది. హీరో అభిమానులు హాలు అద్దాలు పగలగొట్టారు. ప్రొప్రయిటరు గారు అందరి ముందూ చెప్పేశారు. "మేస్త్రీ, ఇంకొక్క పొరపాటు జరిగిందా, కొండపల్లి బస్సెక్కుదువు గాని." మేస్త్రీ గారికి అరవై దాటాయి. మంచంలో ఉన్న భార్య తప్ప ఇంకెవరూ లేరు. ఈ పని పోతే ఇంకోచోట పిలిచేవాళ్ళు లేరని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఈ ఇంగ్లీషు సినిమా. కావాలని తెచ్చుకున్నది కాదు. ఫైటింగుల సినిమాలు రెండు కావాలంటే ఇదొకటి కూడా తీసుకోవాలని బొంబాయి కంపెనీ అంటగట్టింది. ఉదయం ఆటలకి ఒక వారం వేసుకుంటే చాలన్నారు. మనవాళ్ళకి ఇంగ్లీషు సినిమా ఉదయం ఆట అంటే ఏం కావాలో మీకు తెలియంది కాదు. ఇందులో అదేమీ లేదు. సముద్రం ఒడ్డున చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ, అందులో పనిచేసే నడివయసు ఆవిడ. మొగుడు పడవ మీద వెళ్ళి రాడు. పిల్లల్ని పెట్టుకుని ఫ్యాక్టరీలో నిలబడుతుంది. అంతే కథ. ప్రొప్రయిటరు గారు ఫొటో చూసి, "ఈ ముసలమ్మ మొహం చూడ్డానికి పొద్దున్నే ఎవడొస్తాడు?" అని తల పట్టుకున్నారు. అసలే ఆ నెలంతా నష్టాల్లో ఉన్నాం, గోరుచుట్టు మీద రోకటిపోటు. పైగా నటి మొహమే అన్నిటికన్నా పెద్దగా వెయ్యాలని ఒప్పందంలో ఉంది.

బొంబాయి నుంచి వచ్చిన కాగితాల్లో ఆవిడ జీవితం ఉంది. దాన్ని కరపత్రం కోసం నేను తెలుగు చేశాను. చిన్న ఊళ్ళో చాకిరేవు నడిపే తల్లికి పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి, చిన్నతనంలోనే మొగుడు పోవడం. బట్టల కొట్లో పని చేసుకుంటూ, సాయంత్రాలు టీవీ కంపెనీల గుమ్మాల్లో నిలబడింది. ఏళ్ళ తరబడి చిన్న చిన్న వేషాలు. తలుపు తీసి "ఎవరు కావాలండీ" అనే పక్కింటావిడ, ఆస్పత్రిలో నర్సు, కోర్టులో వెనక బెంచీ మీద ఏడ్చే తల్లి. జుట్టు నెరిశాక గానీ సినిమాలో పెద్ద వేషం దొరకలేదు. అదే ఈ సినిమా.

మేస్త్రీ గారికి ఇదంతా చదివాను.

"టీవీ అంటే ఏందమ్మా?"

"ఇంట్లో పెట్టుకునే చిన్న సినిమాహాలు లాంటిదట మేస్త్రీ గారూ."

"మరి టిక్కెట్టు ఎవరు చింపుతారు?"

అప్పటికి బెజవాడలో టీవీ ఎక్కడుంది, నాకు మాత్రం ఏం తెలుసు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తరవాత ఆయన, "మొగుడు పోయాకే పనిలోకొచ్చింది అన్నారు కదా, ఆ ముక్క మళ్ళీ చదవండి" అన్నారు. చదివాను. "సరే, మీరెళ్ళండి" అన్నారు.

గురువారం సాయంత్రం బ్యానరు కట్టారు. శుక్రవారం పొద్దున నేను బస్సు దిగేసరికి మా ఆఫీసు ఎదురు హాలు ముందు జనం తలలెత్తి చూస్తున్నారు. నేనూ చూశాను. రాగిరంగు జుట్టు, నీలికళ్ళు, మెడలో ఏమీ లేదు, నుదుటిన మాత్రం పళ్ళెమంత కుంకుమ బొట్టు.

అయిపోయింది, ముసలాయన పని అయిపోయింది అనుకున్నాను. నలభై ఏళ్ళుగా సీతమ్మకీ సావిత్రమ్మకీ బొట్లు పెట్టిన చెయ్యి, అలవాటుగా దీనికీ పెట్టేసిందని ఆఫీసులో అందరూ అన్నారు. మేస్త్రీ గారు షెడ్డులో కుంచెలు కిరసనాయిల్లో కడుక్కుంటూ కూర్చున్నారు. ఎవరేమన్నా తలెత్తలేదు. ప్రొప్రయిటరు గారు అరవడానికి నోరు తెరిచేలోపు హాలు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యగారూ, లేడీస్ కౌంటరు దగ్గర చేపలవాళ్ళు బారు తీరారండీ. ఏం చెయ్యమంటారు?"

కొల్లేరు వైపు నుంచి తెల్లారే ప్యాసింజర్లో ఆడవాళ్ళు చేపల గంపలతో వచ్చేవాళ్ళు. ఎండెక్కేలోపు సరుకు అమ్ముడైపోయేది. తిరుగు బండి మధ్యాహ్నం గానీ లేదు. అప్పటిదాకా స్టేషను అరుగుల మీద కునికేవాళ్ళు. ఇవాళ బొట్టు పెట్టుకున్న పెద్దావిడ బొమ్మ చూశారు, కింద తెలుగులో కరపత్రం అంటించి ఉంది, తెలుగు సినిమానే అనుకున్నారు. ఖాళీ గంపలు గోడవారన పెట్టి టిక్కెట్లు కొనేశారు. ఉదయం ఇంగ్లీషు ఆటకి ఆ హాల్లో ఆడవాళ్ళ బెంచీలు నిండడం మేనేజరు పుట్టాక చూడలేదు. చూసి సంతోషించే తీరిక కూడా లేదు. తెర మీద వాళ్ళు నోరు తెరవగానే మోసం అని కుర్చీలు లేస్తాయి.

ప్రొప్రయిటరు గారు చుట్టూ చూశారు. చూసి చూసి నా మీద ఆగారు. "అమ్మా, కథ నీకు తెలుసుగా. లోపలికెళ్ళి వాళ్ళకి చెబుతూ ఉండు. గొడవైతే ఈ మేస్త్రీని ఇవాళే పంపించేస్తా." విడుదల రోజున వెనక గదిలో ఉండాల్సినదాన్ని ముందు తలుపులోంచి లోపలికి పంపారు. శకునం సంగతి ఆయనకి గుర్తు రాలేదు, నేను గుర్తు చెయ్యలేదు.

ఆడవాళ్ళ బెంచీల పక్కన, గోడకి ఆనుకుని నిలబడ్డాను. మైకు లేదు. సినిమా మొదలైంది. వాళ్ళు మాట్లాడిందల్లా నేను తెలుగులో అందుకున్నాను. మొదట నా మాట నాకే వినపడలేదు. "గట్టిగా చెప్పమ్మా" అంది ముందు బెంచీ మీది పెద్దావిడ. గట్టిగా చెప్పాను. బాల్కనీలోంచి ఎవరో ప్లీడరు గారు, "ఎవరది? సినిమా చూడనిస్తారా లేదా?" అని కేకేశారు. పెద్దావిడ లేచి నిలబడి, "నీకొచ్చులే బాబూ, మాకు రావద్దా?" అంది. ఆయన కూచున్నారు. కాసేపటికి మగాళ్ళ వైపు నుంచే అడగడం మొదలెట్టారు. "ఏవండీ, ఇప్పుడావిడ ఏమంది?"

తెర మీద చేపల డబ్బాలు వచ్చినప్పుడు హాలంతా నవ్వులు. "నిన్నటి చేప అది, డబ్బాలో పెడితే మటుకు వాసన పోద్దా" అని ఒకావిడ, "నీ గంప కన్నా నయమే" అని ఇంకొకావిడ. మొగుడి పడవ తిరిగి రానప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో అది కథ కాదు.

ఆ తరవాత ఒక ఘట్టం ఉంది. వంటింట్లో ఒక్కతే నిలబడి, పొయ్యి వైపు తిరిగి ఆవిడ చాలాసేపు మాట్లాడుతుంది. ఆ యాస నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బొంబాయి కాగితాల్లోనూ లేదు. ఆగిపోతే వీళ్ళు లేస్తారు. అందుకని నాకు తోచింది చెప్పాను. "నువ్వు పోయినందుకు ఏడ్చాను సరే. నన్ను కూడా నీతోపాటే పంపించేసినట్టు చూస్తున్నారే, దానికెవరి దగ్గర ఏడవను? ఎదురు రావద్దంటున్నారు. నేను ఎవరికి ఎదురొచ్చాను?" అన్నాను. చీకట్లో ఉన్నాను కాబట్టి అనగలిగాను. ఆవిడ నిజంగా ఏమందో ఈనాటికీ నాకు తెలియదు.

సినిమా అయ్యాక పెద్దావిడ గంప చంకన పెట్టుకుని నా దగ్గరికొచ్చింది. నా మొహం చూసింది. "నీకూ ఆయన లేడా తల్లీ" అంది. తలూపాను. బయట బ్యానరు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఆవిడ చూడు, ఉంచేసుకుంది. మంచిపని చేసింది." ఇంకేమీ అనకుండా స్టేషను వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు వాళ్ళు ఇంకా ఎక్కువమందిని తీసుకొచ్చారు. ఆదివారం కూరగాయల వాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు కూడా వచ్చారు. నా గొంతు బొంగురుపోయింది. ఇంట్లో మా అమ్మ మిరియాల కషాయం కాచి ఇస్తూ, "టైపు కొట్టే ఉద్యోగానికి గొంతెందుకు పోయిందే" అని అడిగేది. కషాయం తాగి పడుకునేదాన్ని. కానీ మేస్త్రీ గారి పని నిలబడిందని మాత్రం ధైర్యం వచ్చింది. ప్రొప్రయిటరు గారు షెడ్డులోకి తొంగి చూసి, "పొరపాటైనా కలిసొచ్చిందయ్యా" అని నవ్వారు కూడా.

ఆ నవ్వు ఆదివారం మధ్యాహ్నం దాకే. మద్రాసు నుంచి బొంబాయి కంపెనీ ప్రతినిధి దిగాడు. పాపం రైల్లో నిద్ర లేని మనిషి, స్టేషను పూరీ తిని కడుపు పట్టుకుని ఉన్నాడు. బ్యానరు చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"నాకేం అభ్యంతరం లేదు సార్. బాగానే ఉంది. కానీ బ్యానరు ఫొటో బొంబాయికి పంపాల. అక్కణ్ణించి అమెరికాకి పోతాది. నటి రూపం మార్చకూడదని ఒప్పందంలో ఉండాది. ఆ బొట్టు తీసెయ్యండి. లేదంటే ఆ ఫైటింగు సినిమాలు రావు."

ప్రొప్రయిటరు గారు షెడ్డుకి వెళ్ళారు. వెనక నేనూ వెళ్ళాను.

"మేస్త్రీ, నిచ్చెన వేసుకుని ఆ బొట్టు కాస్త తుడిచెయ్యి."

మేస్త్రీ గారు కుంచె కింద పెట్టారు. "బొట్టు పెట్టమంటే ఎన్నయినా పెడతానండీ. తుడవమంటే నావల్ల కాదు."

"పొరపాటు నువ్వు చేసి, దిద్దమంటే కాదంటావేంటయ్యా?"

"మా ఇంట్లో ఆడపిల్లల బొట్లు తుడిచేటప్పుడు చూశానండీ. ఈ చేత్తో ఆ పని చెయ్యను."

"అయితే రేపట్నుంచి నీకిక్కడ పని లేదు."

"చిత్తం" అన్నారు మేస్త్రీ గారు. కుంచెలు పాత లుంగీలో చుట్టుకున్నారు. నేను ఏదో అనబోయాను, గొంతు రాలేదు. నిజంగానే రాలేదు, సినిమా చెప్పి చెప్పి పోయింది. ఆయన నా వైపు చూసి తలూపి వెళ్ళిపోయారు.

ఆటోనగర్ నుంచి లారీల వెనక పువ్వులూ చిలకలూ రాసే పెయింటర్ని పిలిపించారు. అతను నిచ్చెనెక్కి, తన దగ్గరున్న లారీ రంగుతో బొట్టు మీద పూసేశాడు. ఆ రంగు ఆవిడ ఒంటి రంగుతో కలవలేదు. తుడిచిన చోటు గుండ్రంగా పాలిపోయి, బొట్టు కన్నా దూరానికే కనపడింది.

సోమవారం పొద్దున చేపలవాళ్ళు బ్యానరు దగ్గరికొచ్చి ఆగిపోయారు. పెద్దావిడ గంప దించింది.

"ఎవరమ్మా తుడిచింది? ఆవిడే తుడుచుకుందా, ఎవరన్నా తుడిచారా?"

మా ఆయన పోయిన పదో రోజున నన్ను పీట మీద కూచోబెట్టి ఈ పని చేసిన చేతులు గుర్తొచ్చాయి. మా మేనత్తవి. ఏడుస్తూనే తుడిచింది. నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు అప్పుడు.

"ఆఫీసువాళ్ళు తుడిపించారు" అన్నాను.

"ఆవిడ నుదుటితో ఆఫీసుకేం పని? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అంది. కోపంగా కూడా అనలేదు, విసుగ్గా అంది. కొంతమంది లోపలికొచ్చారు, కొంతమంది స్టేషనుకి వెళ్ళిపోయారు. పెద్దావిడ వెళ్ళిపోయింది. వారం పూర్తయ్యేసరికి ఆడవాళ్ళ బెంచీలు మళ్ళీ ఖాళీ.

సినిమా ఆఖరి రోజు, గురువారం, సెలవు పెట్టి కొండపల్లి బస్సెక్కాను. మేస్త్రీ గారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద కూచుని ఎవరో చెక్కిన బొమ్మలకి రంగు వేస్తున్నారు. వేలెడంత బొమ్మలు. ఆ చేతి వణుకుతోనే అంత చిన్న కళ్ళు పెడుతున్నారు. ఒక కన్ను పెట్టడం, చెయ్యి దించి ఆగడం, రెండోది పెట్టడం. గదిలోంచి ఆయన భార్య దగ్గు వినపడుతోంది.

"ఒక్క పొరపాటుకి ఇంత పని చేశారు వాళ్ళు" అన్నాను.

"పొరపాటు కాదమ్మాయిగారూ."

కుంచె కొన రంగుగిన్నె అంచుకి రాసి, బొమ్మ కింద పెట్టారు.

"మీరు చదివారుగా, ఆయన పోయాకే పనిలోకొచ్చిందని. కళ్ళు పెట్టాను. బాగానే కుదిరాయి. పైన చూస్తే నుదురు బోసిగా ఉంది. రోజూ మీరు పీట వేసుకుని ఎదురుగా కూచుంటే నాకు ఎలా ఉండేదో అలాగే ఉంది. మీకు పెట్టే హక్కు నాకెక్కడిది? ఆవిడకి పెట్టాను."

"పని పోతుందని తెలుసుగా మేస్త్రీ గారూ."

"చెయ్యి ఎలాగూ పోతోందమ్మా. పోయేలోపు ఒకటి నాకు నచ్చింది పెట్టుకోనీండి" అన్నారు. మళ్ళీ బొమ్మ అందుకున్నారు. కళ్ళు పెట్టబోతూ, పాత అలవాటు ప్రకారం, "సరే, మీరెళ్ళండి" అన్నారు.

బస్సులో దారిపొడుగునా ఏడ్చాను. టిక్కెట్లు కొట్టేవాడు నా దగ్గరికి రావడానికి మొహమాటపడ్డాడు.

మర్నాడు పొద్దున మా అమ్మ అద్దం ముందు నిలబడ్డాను. ఆవిడ కుంకుమ భరిణెలోంచి తీసి పెట్టుకున్నాను. అమ్మ వెనకనుంచి చూసింది. భరిణె మూత పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చాలాసేపటిదాకా పేజీ తిప్పలేదు.

ఆ రోజు శుక్రవారం, ఫైటింగు సినిమా విడుదల. వెనక గదిలోకి వెళ్ళకుండా ముందు గదిలో నా మిషను దగ్గరే కూర్చున్నాను. ప్రొప్రయిటరు గారు వచ్చారు. గుమ్మంలోనే ఆగారు. నా మొహం చూశారు. ఆఫీసులో ఫోను మోగుతున్నా ఎవరూ ఎత్తలేదు.

"ఇదేంటమ్మా? ఎవరు పెట్టారు?"

"మేస్త్రీ గారు పెట్టి వెళ్ళారండీ."

ఆయన చెప్పులు విప్పి, నా ఎదురుగానే నడిచి తన గదిలోకి వెళ్ళిపోయారు. తుడిచెయ్యమని మాత్రం అనలేదు.